మెయిన్‌లోకి రాకముందే ఖాళీ అయిపోయిన మిల్లు పేరు

తమ్ముడూ, ముందు నీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు తిరిగి చెప్తాను, వెనకాల చదివేవాళ్లకి పనికొస్తుంది. కాశీనగర్‌లో ఒక రైస్ మిల్లుకి ధాన్యం కాటా చీటీలు ప్రింట్ చేసే ప్రోగ్రాం సీ++లో రాశావు. చీటీ నెత్తిన మిల్లు పేరు తెలుగులో, దాని కింద ఒడియాలో రావాలి. పర్లాకిమిడిలో నీ లాప్‌టాప్ మీద, ఉబుంటు 22.04లో, చక్కగా వస్తోంది. మిల్లులో ఉన్న పాత డబ్బా మీద, ఉబుంటు 20.04లో, అదే కోడ్ బిల్డ్ చేస్తే పేరు ఉండాల్సిన చోట తెల్ల కాగితం. మెమరీ తప్పులు వెతికే వాల్‌గ్రిండ్ పెట్టి చూస్తే ఒక్క తప్పూ చూపలేదు. మొన్న ఏదో చిన్న మార్పు చేశాక ఆ ఖాళీ కూడా పోయి, మొదలవగానే సెగ్మెంటేషన్ ఫాల్ట్. జీడీబీ అనే డీబగ్గర్‌లో, ప్రోగ్రాం పని మొదలయ్యే మెయిన్ ఫంక్షన్ మీద బ్రేక్‌పాయింట్ పెడితే అక్కడిదాకా రానే లేదు. బ్యాక్‌ట్రేస్‌లో (పడిపోయేటప్పుడు ఎవరు ఎవర్ని పిలిచారో చెప్పే జాబితా) పైన ఆర్‌బీ ట్రీ డిక్రిమెంట్ అని ఉంది. "అన్నా, కంపైలర్‌లో బగ్గా?" అని అడిగావు.

కంపైలర్ అమాయకురాలు. ఇది గ్లోబల్ వేరియబుల్స్ (ఫంక్షన్ల బయట పెట్టినవి) తయారయ్యే వరసలో తేడా. నువ్వు పెట్టిన కోడ్‌లో రెండు ఫైళ్లు చాలు దీనికి: భాష.సీపీపీ, రసీదు.సీపీపీ. మొదటి దాంట్లో "మాటలు" అనే గ్లోబల్ మ్యాప్, అందులోంచి మాట తీసిచ్చే "పలుకు" అనే ఫంక్షన్. రెండో దాంట్లో "శీర్షిక" అనే గ్లోబల్ స్ట్రింగ్, దాని విలువ పలుకు ఫంక్షన్‌ని పిలిచి తెచ్చుకుంటోంది. రెండూ మెయిన్ మొదలవకముందే తయారవ్వాలి. ఏది ముందు? ఒకే ఫైలులో ఉంటే రాసిన వరసలో పైనుంచి కిందకి. వేరువేరు ఫైళ్లలో ఉంటే ఏది ముందో స్టాండర్డ్ చెప్పదు. మిల్లు కంప్యూటర్లో శీర్షిక ముందు తయారైంది, అప్పటికి మాటలు ఇంకా పుట్టలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

(కమాండ్లు, ఫైలు పేర్లు అన్నీ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా. కొట్టేటప్పుడు ఇంగ్లిష్‌లో కొట్టుకో.)

మరి ఒకసారి ఖాళీ, ఒకసారి క్రాష్ ఎందుకు? ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే ఈ జాతి బగ్గుని మొహం చూసి గుర్తుపట్టడం ఇక్కడే నేర్చుకుంటాం. గ్లోబల్స్ అన్నింటికీ మొదట సున్నాలు నింపుతారు. కంపైల్ టైములోనే తెలిసిన విలువలు ఉంటే అవి నేరుగా బైనరీలోనే కూర్చుంటాయి. ఆ తర్వాతే కన్‌స్ట్రక్టర్లు, అంటే వస్తువుని తయారుచేసే ఫంక్షన్లు, నడుస్తాయి. కాబట్టి కన్‌స్ట్రక్టర్ నడవని మ్యాప్ అంటే చెత్త నిండిన మెమరీ కాదు, శుభ్రంగా సున్నాలు నిండిన మెమరీ. జీసీసీ కంపైలర్ వాళ్ల లైబ్రరీలో మ్యాప్ లోపల ఉండేది ఒక చెట్టు. ఆ సున్నాల మ్యాప్ మీద ఫైండ్ పిలిస్తే, చెట్టు వేరు పాయింటర్ నల్ కాబట్టి లూపులోకే వెళ్లదు, మర్యాదగా "దొరకలేదు" అని తిరిగొస్తుంది. నీ పలుకు ఫంక్షన్ దొరక్కపోతే ఖాళీ స్ట్రింగ్ ఇస్తుంది. అదీ నీ తెల్ల కాగితం. అదే మ్యాప్ మీద చదరపు బ్రాకెట్లు వాడితే, లేని మాటని కొత్తగా చేర్చబోతుంది. చేర్చే చోటు వెతుకుతూ ఒక అడుగు వెనక్కి వెయ్యబోయి, నల్ పాయింటర్ వెంట నడిచి పడిపోతుంది. వెనక్కి వేసే ఆ అడుగు పేరే ఆర్‌బీ ట్రీ డిక్రిమెంట్. నువ్వు చేసిన "చిన్న మార్పు" ఏమిటో రాయలేదు గానీ, ఫైండ్ తీసేసి బ్రాకెట్లు పెట్టి ఉంటావు. అవునా?

వాల్‌గ్రిండ్ ఎందుకు నోరెత్తలేదో కూడా ఇందులోనే ఉంది. వాల్‌గ్రిండ్‌లో మామూలుగా నడిచే మెమ్‌చెక్ ఇలాంటి చోట పట్టుకునేది విలువ రాయని మెమరీని వాడితే. గ్లోబల్స్ ఉండే చోట, ప్రోగ్రాంని మెమరీలోకి ఎక్కించే లోడర్ ముందే సున్నాలు పెట్టేసింది కాబట్టి, దాని లెక్కలో అది విలువ ఉన్న మెమరీయే. క్రాష్ అవ్వకుండా ఖాళీ వచ్చినంత కాలం ఈ బగ్గుకి వాల్‌గ్రిండ్ పెట్టి నెలల తరబడి కూర్చున్నా దొరకదు.

ఇక నీ లాప్‌టాప్‌లో ఎందుకు నడిచింది? ఇది నాకు భలే ఇష్టమైన భాగం. నీ మేక్‌ఫైల్‌లో (ఏ ఫైళ్లు ఎలా బిల్డ్ చేయాలో మేక్ అనే టూల్‌కి చెప్పేది) వైల్డ్‌కార్డ్‌తో సీపీపీ ఫైళ్లన్నీ ఏరుతున్నావు. గ్నూ మేక్ 3.82 నుంచి, అంటే 2010 నుంచి, వైల్డ్‌కార్డ్ ఇచ్చే జాబితాని అక్షర క్రమంలో పేర్చడం మానేశారు. 2020లో వచ్చిన 4.3లో మళ్లీ పేర్చడం మొదలుపెట్టారు. ఉబుంటు 20.04లో ఉన్నది మేక్ 4.2.1, 22.04లో ఉన్నది 4.3. అర్థమైందా? నీ లాప్‌టాప్‌లో అక్షర క్రమం ప్రకారం బీతో మొదలయ్యే భాష ముందు, ఆర్‌తో మొదలయ్యే రసీదు తర్వాత లింక్ అవుతున్నాయి, అంటే ఒక్క బైనరీగా అతుకుతున్నాయి. లింక్ అయిన వరసలోనే గ్లోబల్స్ తయారవుతాయి. మిల్లులో డైరెక్టరీ ఏ వరసలో ఇస్తే ఆ వరస. ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ ఆ వరసని ఫైలు పేరు హాష్ బట్టి ఇస్తుంది, ఆ హాష్‌కి వాడే సీడ్ ఒక్కో ఫైల్ సిస్టమ్‌కి ఒక్కోటి. అంటే ఒకే కోడ్, ఒకే కంపైలర్ ఉన్న రెండు మెషీన్లలో కూడా వరస మారొచ్చు. నీ ప్రోగ్రాం ఇన్నాళ్లూ నిలబడింది ఇంగ్లిష్ అక్షరమాల పుణ్యాన. రేపు భాష ఫైలుకి టెక్స్ట్ అని పేరు మారిస్తే నీ లాప్‌టాప్‌లో కూడా పడిపోతుంది.

ఇదంతా ఊహ అనుకోకుండా బైనరీలో కళ్లతో చూడు. లినక్స్‌లో మెయిన్‌కి ముందు నడవాల్సిన ఫంక్షన్ల చిరునామాలన్నీ .ఇనిట్_అరే అనే సెక్షన్‌లో వరసగా ఉంటాయి, మొదటి నుంచి చివరికి ఒక్కోటీ పిలుస్తారు. రీడ్‌ఎల్ఫ్ కమాండుకి మైనస్ ఎక్స్ ఇచ్చి ఆ సెక్షన్ పేరు ఇస్తే ఇలాంటిది కనిపిస్తుంది:

40110000 00000000 20140000 00000000
90160000 00000000

ఎనిమిదేసి బైట్లు ఒక చిరునామా, బైట్లు తిరగేసి చదవాలి. రెండోది 20 14 00 00, అంటే 1420. మూడోది 1690. మొదటిది 1140, అది మన కోడ్ కాదు, ఫ్రేమ్ డమ్మీ అని జీసీసీ తనకోసం పెట్టుకునేది, వదిలెయ్. ఇప్పుడు ఎన్‌ఎమ్ కమాండుతో పేర్ల జాబితా తీసి, _గ్లోబల్__సబ్_ఐ_ తో మొదలయ్యేవి గ్రెప్ చేసి, 1420 ఎవరిది, 1690 ఎవరిది చూడు. మిల్లు బైనరీలో 1420 రసీదుది అయితే కేసు మూసేయొచ్చు. రెండు జాగ్రత్తలు. క్లాంగ్ అనే ఇంకో కంపైలర్ అయితే ఆ పేరు చివర ఫైలు పేరు పెడుతుంది, జీసీసీ మాత్రం ఆ ఫైలులో బయటికి కనిపించే మొదటి పేరు పెడుతుంది, కాబట్టి ఫైలు పేరు కోసం వెతికి కంగారుపడకు. రెండోది, ఎల్‌ఎల్‌డీ అనే లింకర్‌తో లింక్ చేసిన బైనరీలో ఆ సెక్షన్ నిండా సున్నాలే కనిపించొచ్చు. చిరునామాలు రీలొకేషన్లలో (లోడ్ అయ్యేటప్పుడు నింపాల్సిన వాటి పట్టిక) ఉంటాయి, రీడ్‌ఎల్ఫ్‌కి మైనస్ ఆర్ ఇచ్చి చూడాలి.

ఈ జాబితాలో నువ్వు ఎప్పుడూ గ్లోబల్ పెట్టని ఫైళ్ల పేర్లు కూడా కనిపిస్తే, ఐఓస్ట్రీమ్ ఇంక్లూడ్ చేసినందుకు వచ్చినవి అవి. తెర మీద రాసే సీఅవుట్ అందరికంటే ముందు తయారుగా ఉండాలి కదా, అందుకని ఐఓస్ట్రీమ్‌ని తీర్చిదిద్దిన జెర్రీ ష్వార్ట్జ్ ఆ రోజుల్లో ఒక ఉపాయం చేశాడు: హెడర్ చేర్చుకున్న ప్రతి ఫైలులో ఒక చిన్న లెక్కబెట్టే వస్తువు, మొదట నడిచినది ఎవరైతే వాళ్లే సీఅవుట్‌ని తయారుచేస్తారు. జీసీసీ 13 నుంచి ఆ పనిని లైబ్రరీలోకే మార్చేశారు, అప్పటినుంచి ఈ అదనపు పేర్లు కనిపించవు.

సరే, నీ కేసు రెండు ఫైళ్లది కాబట్టి ఇలా చేత్తో దొరికింది. నలభై ఫైళ్లుంటే? అప్పుడు అడ్రస్ శానిటైజర్ (పొట్టిగా ఏశాన్), కంపైలర్‌తోనే వచ్చే మెమరీ తప్పులు పట్టే పనిముట్టు. అందరికీ అది హీప్ తప్పుల కోసమే తెలుసు, ఈ పని కూడా చేస్తుందని చాలామందికి తెలియదు. -ఎఫ్‌శానిటైజ్=అడ్రస్, -జి పెట్టి అన్ని ఫైళ్లూ కంపైల్ చెయ్. నడిపేటప్పుడు ఏశాన్_ఆప్షన్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో చెక్_ఇనిషియలైజేషన్_ఆర్డర్=1 అని పెట్టు. పెట్టకపోతే ఈ తనిఖీ జరుగుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. అది చేసేది ఇది: ప్రతి ఎనిమిది బైట్ల మెమరీకి పక్కన ఒక నీడ బైటు పెట్టుకుంటుంది. ఒక ఫైలు గ్లోబల్స్ తయారీ మొదలయ్యే ముందు, ఇంకా తయారవని మిగతా ఫైళ్ల గ్లోబల్స్ అన్నింటి నీడల్లో ఎఫ్6 అనే గుర్తు వేస్తుంది, ఆ ఫైలు పని అయ్యాక తుడిచేస్తుంది. మధ్యలో ఎవరైనా ఎఫ్6 ఉన్న చోట చెయ్యి పెడితే అక్కడికక్కడే ఆపి, ఇనిషియలైజేషన్ ఆర్డర్ ఫియాస్కో అని పేరు పెట్టి మరీ రిపోర్టు ఇస్తుంది. రిపోర్టులో పైన చదివినవాడి స్టాక్ ఉంటుంది, కింద ఆ గ్లోబల్ పేరు, అది ఏ ఫైలులో ఏ లైనులో పుట్టిందో ఉంటుంది. ఎవరు ఎవరి ఇంట్లోకి ముందుగా జొరబడ్డారో రెండు పేర్లూ చేతికొస్తాయి.

కానీ ఈ ఆప్షన్ ఒక్కటే పెడితే నీ లాప్‌టాప్‌లో ఏమీ దొరకదు. ఎందుకంటే అక్కడ వరస మంచిదే, మాటలు ముందే తయారైపోయింది. అందుకే దానితో పాటు స్ట్రిక్ట్_ఇనిట్_ఆర్డర్=1 కూడా పెట్టు, మధ్యలో కోలన్‌తో. అప్పుడు తయారైనవి, అవనివి అని చూడదు. ఒక ఫైలు గ్లోబల్స్ తయారవుతుండగా వేరే ఫైలులో కన్‌స్ట్రక్టర్ అవసరమైన గ్లోబల్‌ని ముట్టుకుంటేనే తప్పు అంటుంది. అదృష్టం కలిసొచ్చిన మెషీన్‌లో కూడా బగ్గు బయటపడుతుంది. ష్వార్ట్జ్ ఉపాయం లాంటిది నువ్వే రాసుకుని ఉంటే దాన్ని కూడా పట్టుకుని అరుస్తుంది. అరవనీ. అలాంటివి ఒకటో రెండో ఉంటాయి, చేత్తో చూసి పక్కన పెట్టొచ్చు.

ఏశాన్ దొరకబట్టలేనివి కూడా ఉన్నాయి. ఏశాన్‌తో కంపైల్ అవని కోడ్‌లోంచి చదివితే దానికి కనిపించదు. మ్యాప్ కోడ్ హెడర్లోనే ఉంటుంది కాబట్టి నీ ఫైలుతో పాటే కంపైల్ అవుతుంది, దొరుకుతుంది. స్ట్రింగ్ అలా కాదు, దాని పనులు చాలా వరకు లైబ్రరీలో ముందే కంపైల్ అయి ఉంటాయి. ఖాళీ స్ట్రింగ్‌ని కాపీ చేస్తే ఏశాన్‌కి తెలియకుండా జారిపోవచ్చు. -ఓ1 పెడితే కొన్ని ఇన్‌లైన్ అయి దొరుకుతాయి, అన్నీ కాదు.

అందుకే నేను రెండో వల కూడా వేస్తాను: వరసని తిరగేసి నడపడం. ఆబ్జెక్ట్ ఫైళ్ల జాబితాని మేక్‌ఫైల్‌లో సార్ట్ చేసి ఒక బిల్డ్, తిరగేసి ఇంకో బిల్డ్. ఎల్‌ఎల్‌డీ వాడితే మేక్‌ఫైల్ ముట్టుకోనక్కర్లేదు, 13వ వెర్షన్ నుంచి దానికి --షఫుల్-సెక్షన్స్ అనే ఆప్షన్‌లో సెక్షన్ పేరు ఇవ్వొచ్చు: .ఇనిట్_అరే* కి -1 ఇస్తే ఆ చిరునామాల జాబితా మొత్తం తిరగబడుతుంది. ఎందుకు రెండే బిల్డ్‌లు సరిపోతాయంటే, ఏ రెండు ఫైళ్లు తీసుకున్నా ఒక బిల్డ్‌లో ఇది ముందు, ఇంకో బిల్డ్‌లో అది ముందు. వరస మీద ఆధారపడ్డ ఏ జంటకైనా రెంటిలో ఒక చోట తప్పు వరస వచ్చి తీరుతుంది. ఆ తప్పు కంటికి కనిపించాలి అన్నదొక్కటే షరతు, అందుకే రెండు బిల్డ్‌లనీ ఏశాన్‌తోనే నడుపు, రెండింటి చీటీలూ పక్కపక్కన పెట్టి డిఫ్ తీయి.

కంటికి కనిపించాలి అని ఊరికే అనలేదు. నా సంగతి చెప్తాను. 2014లో రాయగడ వైపు ఒక మిల్లుకి మేం రాసిన కాటా ప్రోగ్రాం నడుస్తోంది. ఉబుంటు 12.04 మీద మూడు సీజన్లు మచ్చ లేకుండా నడిచింది. కంప్యూటర్ మార్చి 14.04 పెట్టాం. కోడ్‌లో అక్షరం ముట్టుకోలేదు, మళ్లీ బిల్డ్ చేశామంతే. ప్రోగ్రాం లేచింది, తూకం వస్తోంది, చీటీలు వస్తున్నాయి. తేమకి, మట్టికి కోసే తరుగు మాత్రం సున్నా. తరుగు శాతం ఒక గ్లోబల్ డబుల్, ఇంకో ఫైలులో ఉన్న సెట్టింగుల గ్లోబల్ నుంచి తెచ్చుకునేది. సెట్టింగ్ దొరక్కపోతే సున్నా అనుకో అని నేనే రాశాను. క్రాష్ లేదు, ఎర్రర్ లేదు. రైతులు ఆ మూడు రోజులూ మమ్మల్ని దేవుళ్లలా చూశారు. నాలుగో రోజు మిల్లు యజమాని బస్తాల లెక్కా డబ్బు లెక్కా పక్కన పెట్టుకుని ఫోన్ చేశాడు. ఆ ఫోన్ సంగతి వద్దులే.

కారణం తెలియడానికి నాకు వారం పట్టింది. 12.04లో ఉన్నది జీసీసీ 4.6. అది కన్‌స్ట్రక్టర్ల జాబితాని .సీటార్స్ అనే పాత సెక్షన్‌లో పెట్టేది, ఆ జాబితాని చివరి నుంచి మొదటికి నడిపేవాళ్లు. 4.7 నుంచి .ఇనిట్_అరేకి మారారు, ఇది మొదటి నుంచి చివరికి. 14.04లో ఉన్నది 4.8. అంటే మేం కంపైలర్ మార్చిన రోజే మా గ్లోబల్స్ వరస మొత్తం బోర్లా పడింది. పైన చెప్పిన తిరగేసే పరీక్ష మాకు ఉబుంటు ఉచితంగా చేసి పెట్టింది, కాకపోతే మిల్లులో, అసలు రైతుల ధాన్యం మీద.

ఇంకా సిగ్గుపడాల్సింది, నేను అప్పుడు చేసిన మరమ్మతు. లింక్ లైనులో రెండు ఫైళ్ల చోటు అటూ ఇటూ మార్చి, తరుగు వచ్చేసరికి బతికిపోయాం అనుకున్నాను. మరుసటి ఏడు ఒక ఫైలుని రెండుగా విడగొట్టినప్పుడు మళ్లీ అదే తరుగు సున్నా. లింక్ వరస మార్చి "సరైపోయింది" అని నువ్వు రాస్తే మాత్రం నేను ఊరుకోను.

మరి సరైన మరమ్మతు ఏది? నీ విషయంలో నా మొదటి మాట: ఆ మాటల పట్టికకి మ్యాప్ ఎందుకు తమ్ముడూ? నువ్వు పెట్టిన కోడ్ ప్రకారం ముప్పై నలభై మాటలు, ఒక్కోదానికి తెలుగు, ఒడియా. అవన్నీ రాసేటప్పుడే తెలిసినవి. వాటిని స్ట్రింగ్ వ్యూలు ఉన్న చిన్న స్ట్రక్ట్‌ల కాన్‌స్టెక్స్‌పర్ (కంపైల్ టైములోనే విలువ తేలేది) అరేగా రాసెయ్. మొత్తం బైనరీలోనే కూర్చుంటుంది, కన్‌స్ట్రక్టరే ఉండదు, వరస సమస్యే ఉండదు. నలభై మాటల్లో ఒకటి వెతకడానికి వరసగా చూసుకుంటూ పోయినా ప్రింటర్ చీటీ కొసని పట్టుకునే లోపు అయిపోతుంది. నీ కోడ్‌లోనే దీనికి సాక్ష్యం ఉంది చూడు: ధాన్యం తేమ హద్దు 17 శాతం అని ఒక గ్లోబల్ పెట్టావు, అది ఏ మెషీన్‌లోనూ ఎప్పుడూ సున్నా కాలేదు. కారణం అది కంపైల్ టైములోనే తెలిసిన అంకె. సీ భాషలో ఈ గొడవే లేకపోవడానికీ అదే కారణం, అక్కడ గ్లోబల్స్‌కి అలాంటి విలువలు తప్ప ఒప్పుకోరు.

సీ++20 వాడగలిగితే అలాంటి గ్లోబల్స్ ముందు కాన్‌స్టినిట్ అని రాయి. విలువ కంపైల్ టైములో తేలకపోతే కంపైలర్ అక్కడే ఎర్రర్ ఇస్తుంది. మిల్లులో తెలియాల్సింది నీ బల్ల దగ్గరే తెలుస్తుంది. క్లాంగ్ ఉంటే -డబ్ల్యూగ్లోబల్-కన్‌స్ట్రక్టర్స్ అనే వార్నింగ్ కూడా ఉంది, కన్‌స్ట్రక్టర్ అవసరమైన ప్రతి గ్లోబల్‌నీ వేలెత్తి చూపిస్తుంది. పాత ప్రాజెక్టు మీద మొదటిసారి పెడితే తెర నిండిపోతుంది. దడుచుకోకు, ఆ జాబితాయే నీ అనుమానితుల జాబితా.

కంపైల్ టైములో తేలనివి, ఫైలు నుంచి చదివే తరుగు శాతాల్లాంటివి, వాటికి రెండు దారులు. చాలామంది చెప్పేది: గ్లోబల్‌ని ఫంక్షన్ లోపల స్టాటిక్‌గా పెట్టి, ఆ ఫంక్షన్ దాని రెఫరెన్స్ తిరిగిచ్చేలా రాయడం. మొదటిసారి పిలిచినప్పుడు తయారవుతుంది, ఎవరు ముందు పిలిచినా సరే. సీ++11 నుంచి రెండు త్రెడ్లు ఒకేసారి పిలిచినా ఒక్కసారే తయారవుతుందని హామీ ఉంది. నేను మాత్రం ఫైలు చదివే పనిని మెయిన్ లోపలికి తెచ్చేస్తాను. మెయిన్ మొదటి లైనులో సెట్టింగులు చదువు, చదవలేకపోతే గట్టిగా అరిచి ఆగిపో, చదివిందాన్ని అవసరమైన వాళ్లకి అందించు. మెయిన్‌కి ముందు ఫైలు తెరిచి, అది దొరక్కపోతే ఎర్రర్ ఎక్కడ చూపిస్తావు? 2014లో నాకు అసలు దెబ్బ వరస తప్పడం కంటే "దొరక్కపోతే సున్నా" వల్లే తగిలింది.

జీసీసీలో ఇనిట్_ప్రయారిటీ అనే ఆట్రిబ్యూట్ ఉంది, 101 నుంచి 65535 వరకు అంకె ఇస్తే చిన్న అంకె ముందు తయారవుతుంది. దాని జోలికి పోకు. ఇవాళ రెండు ఫైళ్లకి అంకెలు ఇస్తావు, ఆరు నెలల తర్వాత ఆ అంకెల మధ్య వరస ఎవరికి గుర్తుంటుంది?

ఫంక్షన్ లోపలి స్టాటిక్ పెట్టినా ప్రోగ్రాం ముగిసేటప్పుడు ఇంకో చిక్కు ఉంది, పోవడం తయారైన వరసకి తిరగేసి జరుగుతుంది. ఒక గ్లోబల్ డిస్ట్రక్టర్ (వస్తువు పోయేటప్పుడు నడిచే ఫంక్షన్) లాగ్ రాయబోతే అప్పటికే లాగర్ పోయి ఉండొచ్చు. "ప్రింట్ అంతా అయ్యాక మూసేటప్పుడు క్రాష్" అంటే ముందు ఇదే అనుమానించు. చిన్న ప్రోగ్రాంలో న్యూతో తయారుచేసి డిలీట్ చెయ్యకుండా వదిలెయ్యడం తప్పేమీ కాదు, ప్రోగ్రాం పోతే మెమరీ ఎలాగూ పోతుంది.

నీ ప్రశ్నలో లేదు గానీ, రేపు నువ్వు రాసేటట్టే ఉన్నావు కాబట్టి ఇంకొకటి. ఒక గ్లోబల్ వెక్టర్ పెట్టి, ప్రతి రిపోర్టు ఫైలూ అందులో తన పేరు తానే చేర్చుకునేలా రాస్తారు. వెక్టర్ విషయంలో సున్నాల మెమరీ అంటే సరిగ్గా ఖాళీ వెక్టరే, కాబట్టి పుష్ బ్యాక్ బుద్ధిగా పనిచేస్తుంది. ఆ తర్వాత వెక్టర్ కన్‌స్ట్రక్టర్ వంతు వచ్చి, చేరినవాళ్లందరినీ తుడిచి మళ్లీ ఖాళీ చేస్తుంది. మూడు రిపోర్టులు ఉండాల్సిన మెనూలో ఒకటే కనిపిస్తుంది, ఎందుకో అర్థం కాదు. సీ++20లో, జీసీసీ 12 నుంచి, డిఫాల్ట్ వెక్టర్ కంపైల్ టైములోనే తయారవుతుంది, అక్కడ ఈ తుడిచేయడం జరగదు. స్టాండర్డ్ ఫ్లాగ్ మార్చగానే మెనూ మారిపోయిందంటే ఇదే.

షేర్డ్ లైబ్రరీలు ఉంటే, ఆధారపడ్డదాని కంటే ఆధారం ముందు తయారవుతుంది కాబట్టి మామూలుగా బాధ తక్కువ. అనుమానం వస్తే ఎల్‌డీ_డీబగ్=లిబ్స్ పెట్టి నడుపు, ఎవరిని ఏ వరసలో పిలిచారో లోడరే చెప్తుంది.

ఇక నువ్వు ఇవాళ చేయాల్సింది. మిల్లుకి పరిగెత్తకు, లాప్‌టాప్‌లోనే అవుతుంది. ఏమీ సరిచేయకముందు, ఇప్పుడున్న కోడ్‌నే ఏశాన్‌తో, రెండు ఆప్షన్లూ పెట్టి ఒకసారి నడుపు. తర్వాత స్ట్రిక్ట్ తీసేసి, ఫైళ్ల వరస తిరగేసి ఇంకోసారి. రెండుసార్లూ శీర్షిక, మాటలు పేర్లు రిపోర్టులో కనిపించాలి. కనిపించాకే పట్టిక మార్చు, మార్చాక అవే రెండూ మళ్లీ నడుపు. చివరి బిల్డ్ మాత్రం మిల్లులో ఉన్న 20.04 మీదే చెయ్, 22.04లో చేసిన బైనరీ తీసుకెళ్తే గ్లిబ్‌సీ (సిస్టమ్‌లో ఉండే సీ లైబ్రరీ) వెర్షన్ చాలదని అక్కడ లేవను కూడా లేవదు. రిపోర్టుల్లో పై ఇరవై లైన్లు ఇక్కడ పెట్టు. శీర్షిక కాకుండా మూడో పేరు ఏదైనా కనిపిస్తే దాని ఫైలు కూడా పెట్టు. ఆ సెట్టింగుల ఫైలు చదివే తీరు చూస్తే నాకు అక్కడా ఒకటి ఉందని అనుమానంగానే ఉంది.